నిప్పుకొండ కింద ద్రాక్షతోట

పొద్దున రెండువేల ఏళ్లనాటి ఊరు. మధ్యాహ్నం ఆ ఊరిని మింగిన కొండమీదే భోజనం, వైన్ రుచులు. ఇటలీలోని నేపుల్స్ నుంచి బయల్దేరే ఒక్కరోజు యాత్ర ఇది. ఆ బస్సులో ఈసారి నెల్లూరు జిల్లా అమ్మమ్మ ఒకరు ఎక్కారు. ఒకప్పుడు తమ ఊళ్లో సారా కొట్టు మూయించిన అమ్మమ్మ!

ఒక అస్సు ఇస్తే మామూలు వైను. రెండిస్తే కాస్త మంచిది. నాలుగు ఇచ్చుకుంటే ఫలెర్నియన్... అంటే ఆ కాలంలో డబ్బున్నవాళ్లు కలవరించిన సరుకు. అస్సు అనేది రోమన్ల చిల్లర నాణెం. పాంపే నగరంలో ఒక వైన్ దుకాణం గోడమీద ఈ ధరలు రాసి ఉన్నాయి. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై ఊరంతా బూడిద కింద పూడిపోయింది కాబట్టి, ఆ రాత చెరిగిపోకుండా మనదాకా వచ్చింది.

గైడు ఈ సంగతి చెబుతుంటే బృందంలో అందరూ నవ్వారు. ఒక్క అమ్మమ్మ నవ్వలేదు. పన్నెండేళ్ల మనవడు తనకు వచ్చిన తెలుగులో చెప్పింది విని, తల పంకించి, ‘‘అప్పుడు గూడా పేదోడికి ఒకటి, ఉన్నోడికి ఒకటీనా!’’ అంది. అంతే!

నేపుల్స్‌లో ఇలాంటి యాత్రలకు కొదవలేదు. పొద్దున ఎనిమిదిన్నరకు మినీబస్సు. పాంపేలో గైడుతో రెండు మూడు గంటలు. ఆ తర్వాత వెసూవియస్ వాలుమీద ఏదో ఒక కుటుంబం నడుపుతున్న ద్రాక్షతోట, వైన్ నిల్వచేసే నేలమాళిగ, భోజనం, నాలుగైదు రకాల వైన్ రుచి చూడటం. సాయంత్రం ఐదుకల్లా తిరిగి హోటల్. అటు చరిత్ర, ఇటు సరదా. నిజం చెప్పాలంటే పాంపేకి మూడు గంటలు ఏ మూలకూ చాలవు. 66 హెక్టార్ల ఊరది. మూడింట ఒక వంతు ఇప్పటికీ తవ్వకుండా మట్టికిందే ఉంది. తవ్వినంత మేరే కాళ్లరిగేలా తిరిగినా రెండు రోజులు పడుతుంది. ఓపిక ఉన్నవాళ్లు యాత్రలతో పనిలేకుండా నేపుల్స్‌లో లోకల్ రైలెక్కి నేరుగా పాంపే గేటు దగ్గర దిగొచ్చు. కాకపోతే 2024 నవంబరు నుంచి రోజుకు 20 వేలమందినే లోపలికి పంపుతున్నారు. టికెట్టు మీద పేరు కూడా ఉండాలి. ముందే కొనుక్కోవడం మేలు.

జర్మనీలో ఉద్యోగం చేసుకుంటున్న కూతురు, అల్లుడు, మనవడితో ఆ అమ్మమ్మ అక్కడికి వెళ్లింది 2025 అక్టోబరులో. ఆమెకు 66 ఏళ్లు. ఊరు నెల్లూరు జిల్లా మెట్టప్రాంతం. భర్త తాగుడుకు రెండెకరాలు, పాడిగేదె, చివరికి ఆయన కాలేయం... వరసగా పోయాయి. అక్షరాస్యత ఉద్యమంలో పెట్టిన రాత్రిబడిలో ఆమె తన ముప్ఫై రెండో ఏట అక్షరాలు దిద్దింది. ఆ మరుసటేడు, 1992లో, దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారన్న కబురు చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. రోశమ్మ పేరు జిల్లా అంతా మోగింది. వీళ్ల ఊళ్లోనూ చీపుళ్లు, కారప్పొడి పట్టుకుని కొట్టుమీదకు వెళ్లినవాళ్లలో ఆమె ఒకరు. సర్కారు 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఆ తర్వాత రెండేళ్లకు ఆమె భర్త పోయాడు.

అలాంటి తల్లిని వైన్ యాత్రకు తీసుకెళ్లడం ఏమిటి? ఎవరికైనా వచ్చే అనుమానమే. కూతురు దాచింది మరి! ‘‘పాత ఊరు చూసి, తోటలో భోంచేసి వస్తామమ్మా’’ అని మాత్రమే చెప్పింది. అబద్ధం కాదు... అలాగని పూర్తి నిజమూ కాదు. బస్సెక్కాక మనవడు కాస్తా బయటపెట్టేశాడు. ‘‘అమ్మమ్మా, తర్వాత వైన్ కూడా ఉంది. నాకు ఇవ్వరంట, జూస్ ఇస్తారంట.’’ ఆమె కూతురి వంక చూసింది. కూతురు కిటికీలోంచి బయటికి చూసింది. అల్లుడే సర్దిచెప్పాడు. ‘‘అత్తయ్యా, మీరు లోపలికి రాకపోయినా పర్లేదు. బయట చెట్టు కింద కుర్చీ వేయిస్తాను.’’

గోడమీద ఓట్ల రాతలు

పాంపే వీధులు ఎత్తయిన రాతి అరుగులతో, బండి చక్రాలు పడి అరిగిన గాళ్లతో ఉంటాయి. వర్షపునీరు, మురుగు కాళ్లకు అంటకుండా వీధి దాటడానికి మధ్యలో పెద్దపెద్ద రాళ్లు. ఆ రాళ్లమీద అడుగేస్తూ మోకాళ్ల నొప్పి మర్చిపోయి అటూ ఇటూ చూస్తోంది అమ్మమ్మ. వీధి మలుపుల్లో అక్కడక్కడా రాతి అరుగులాంటి గట్టు, దానికి గుండ్రటి బొక్కలు, లోపల కుండలు బిగించి ఉన్నాయి. అవి తిండి, తాగుడు అమ్మే కొట్లు. ఒకటి చూసింది, రెండు చూసింది, పదోది చూశాక ఆగలేకపోయింది. ‘‘ఏందిరా అబ్బయ్యా, ఇన్ని కొట్లా! ఊరంతా తాగేదానికే కట్టినారా?’’

పురావస్తుశాస్త్రం చదువుకున్న ఆ గైడమ్మాయి ప్రశ్న విని ముచ్చటపడింది. అక్కణ్నుంచి అసలు కథ మొదలైంది.

ఆ కొట్లలో వేడివేడిగా పప్పులు, కూరలు, మాంసం దొరికేవి. ఇంట్లో వంటగది లేని పేదలకు అదే భోజనం. వాటిలో ఒకదాన్ని 2020 డిసెంబరులో లోకానికి చూపించారు, 2021లో సందర్శకులకు తెరిచారు. గట్టుమీద కోడి, బాతులు, గొలుసు కట్టిన కుక్క... రంగులు నిన్న వేసినట్టు ఉన్నాయి. కుండల్లో బాతు, మేక, పంది, చేప, నత్తల అవశేషాలు దొరికాయి. వైన్ కుండ అడుగున పొడిచేసిన చిక్కుడుజాతి గింజలున్నాయి. వైన్ రంగు, రుచి మార్చడానికి వేసేవారట. ‘‘కల్తీ అన్నమాట’’ అని తేల్చేసింది అమ్మమ్మ. కల్తీ అనాలో, హంగు అనాలో పండితులు తేల్చుకోవాలి కానీ... ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు!

రోమన్లు వైన్‌ను నీళ్లు కలపకుండా తాగితే మోటుగా చూసేవారు. ఇంకో విచిత్రం... రోమ్ తొలినాళ్లలో ఆడవాళ్లు వైన్ ముట్టకూడదన్న కట్టడి ఉండేదని వాళ్ల రచయితలే రాసిపెట్టారు. పాంపే కాలం నాటికి అది పాతపడిపోయింది.

ఇక గోడలు. మనదగ్గర పార్టీల గోడరాతల్ని చూసి విసుక్కునేవాళ్లు ఒకసారి పాంపే చూడాలి. ఫలానా అభ్యర్థిని ఎన్నుకోండి అంటూ ఎర్రరంగుతో రాసిన రాతలు ఊళ్లో వేలల్లో దొరికాయి. వాటిలో ఒకటి మరీ చిత్రం. మార్కస్ సెరీనియస్ వాటియా అనే అభ్యర్థికి ‘పొద్దుపోయేదాకా తాగేవాళ్లందరి’ మద్దతు ఉందని రాశారు. ప్రత్యర్థులు ఎగతాళికి రాయించి ఉంటారని పండితుల ఊహ. మనవడు ఇది చెప్పగానే మొట్టమొదటిసారి అమ్మమ్మ పకపకా నవ్వింది. ‘‘మా పక్క ఇంత బాహాటంగా రాయరులే. రాత్రికి రాత్రి పంచిపెట్టేస్తారు!’’

మన దేశం నుంచి వెళ్లిన వస్తువు ఒకటి ఈ ఊళ్లోనే బయటపడింది. 1938లో ఒక ఇంట్లో జానెడు పైచిలుకు ఎత్తున్న దంతపు బొమ్మ దొరికింది. ఒళ్లంతా నగలు, పక్కన ఇద్దరు పరిచారికలు. మొదట లక్ష్మీదేవి అనుకున్నారు, యక్షిణి అనేవాళ్లు ఇప్పుడు ఎక్కువ. ఇలాంటివే శాతవాహనుల ఏలుబడిలో ఉన్న తేర్, భోకర్దన్‌లలో దొరికాయి. బొమ్మ నేపుల్స్ మ్యూజియంలో ఉంది. ఆ కాలపు గ్రీకు నావికుడొకరు రాసిన ‘పెరిప్లస్’ అనే పుస్తకంలో మన మచిలీపట్నం తీరపు సన్నని నూలుబట్టల ప్రస్తావన ఉంది. భరుకచ్ఛం రేవులో దిగే సరుకుల్లో ఇటలీ వైన్‌కు ఎక్కువ గిరాకీ అని కూడా ఉంది. దంతాలు అటు, వైన్ ఇటు... వ్యాపారం అప్పుడే జోరుమీద ఉందన్నమాట.

పదమూడుమంది

ఊరి దక్షిణం వైపు ప్రహరీకి దగ్గరగా ఒక తోట ఉంది. పేరు ‘పారిపోయినవాళ్ల తోట’. అక్కడ అద్దాల వెనక పదమూడుమంది పడి ఉన్నారు. పెద్దలు, పిల్లలు. ఒకరు మోచేతిమీద లేవబోతూ ఆగిపోయారు. శరీరాలు ఎప్పుడో కరిగిపోయాయి. గట్టిపడిన బూడిదలో వాళ్ల ఆకారంలో మిగిలిన ఖాళీలో సున్నపుపిండి ముద్ద పోస్తే వచ్చిన రూపాలివి. 1863లో ఫియోరెల్లి అనే పురావస్తువేత్త మొదలుపెట్టిన పద్ధతి.

బృందంలో కొందరు ఫోన్లు పైకెత్తారు. అమ్మమ్మ చేతులు జోడించింది.

ఆ చోటు అప్పుడు ద్రాక్షతోట. వాళ్లు తీగల మధ్యలోంచి ఊరి గోడవైపు పరుగెడుతూ పడిపోయారు. విల్హెల్మీనా జషెమ్‌స్కీ అనే అమెరికన్ పండితురాలు 1960లలో ఇంకో పని చేశారు. మనుషులకు చేసినట్టే మొక్కలకూ చేశారు! వేర్లు కుళ్లిపోయి మిగిలిన బొరియల్ని శుభ్రంచేసి, సిమెంటు పోసి, చుట్టూ మట్టి తీసేసి... అది ఏ మొక్క వేరో చెప్పేవారు. యాంఫీథియేటర్ పక్కన ఒక పెద్ద ఖాళీ జాగా ఉండేది. అంతవరకు దాన్ని పశువుల సంత అనుకునేవారు. ఆమె తవ్విస్తే రెండువేలకు పైగా ద్రాక్ష వేళ్ల గుర్తులు, తీగలకు నిలబెట్టిన కర్రల గుంటలు బయటపడ్డాయి. ఊరి గోడల లోపలే, నేల ఎంత ఖరీదైనా సరే, ద్రాక్ష వేసుకున్నారన్నమాట. ఆ ఆధారాలతోనే 1990లలో పాంపే లోపల మళ్లీ తీగలు నాటారు. 2001 పంటతో మొదటి వైన్ సీసాలకు ఎక్కింది.

పాంపే చచ్చిపోయిన రోజు ఏదన్న తగాదాలో కూడా వైన్ సాక్షి. ఆగస్టు 24 అని శతాబ్దాలుగా చెప్పుకుంటూ వచ్చారు. కానీ నేలలో పాతిన పెద్ద కుండల్లో కొత్త వైన్ నింపి మూతలు బిగించి ఉండటం చూసి, ద్రాక్షకోత అయిపోయాకే జరిగి ఉంటుందని కొందరు వాదించేవారు. 2018లో గోడమీద బొగ్గుతో రాసిన అక్టోబరు నెల తేదీ ఒకటి దొరకడంతో వాళ్ల మాటకు బలం పెరిగింది.

ఇదంతా విన్న అమ్మమ్మకు ఒక్కటే ప్రశ్న. ‘‘ఇంతమందిని పొట్టనబెట్టుకున్న కొండమీదకే మళ్లీ బోయి తోటలేసినారా?’’ గైడు సమాధానం చెప్పేలోపే మళ్లీ తనే అంది. ‘‘అయినా తుపాను వచ్చిందని మనం మాత్రం సముద్రం ఒడ్డు ఇడిసిపెట్టి పోయినామా!’’

పావురం కాలు

బస్సు కొండవాలు ఎక్కింది. వెసూవియస్ ఎత్తు 1281 మీటర్లు. చివరిసారి 1944 మార్చిలో పేలింది. మళ్లీ పేలితే ముందు ఖాళీ చేయించాల్సిన ప్రాంతంలో ఆరు లక్షలమందికి పైగా ఉన్నారు. అయినా తోటలు, ఇళ్లు, చర్చిలు... ఎక్కడా భయం జాడ కనపడదు.

మట్టి నల్లగా, బరకగా, బెజ్జాలున్న తేలికరాళ్లతో నిండి ఉంది. అమ్మమ్మ వంగి ఒక పిడికెడు తీసి నలిపి చూసింది. రైతు చెయ్యి కదా! పంతొమ్మిదో శతాబ్దంలో ఫిలాక్సెరా అనే పురుగు యూరప్ ద్రాక్షతోటల్ని తుడిచిపెట్టేసింది. దాని తర్వాత దాదాపు ఎక్కడ చూసినా అమెరికా వేళ్లకు అంటుకట్టిన తీగలే. ఈ ఇసుక, బూడిద నేలలో ఆ పురుగు బతకలేదు. అందుకే ఇక్కడ సొంతవేళ్లమీద నిలబడ్డ తీగలు ఇంకా ఉన్నాయి. ఊరిని చంపిన బూడిదే తీగను కాపాడింది.

ఇక్కడి ఎర్రద్రాక్ష పేరు పియెదిరోసో, అంటే ఎర్రకాలు. పండే వేళకు గుత్తి కాడ పావురం కాలిలా ఎర్రబడుతుందట. తెల్లరకానికి కోడా దివోల్పె... నక్కతోక! గుత్తి అలా వంకరగా వేలాడుతుంది. వీటితో చేసే వైన్ పేరు లాక్రిమా క్రిస్తి, క్రీస్తు కన్నీళ్లు. స్వర్గం నుంచి ఒక ముక్కను సైతాను ఎత్తుకొచ్చి ఇక్కడ పడేస్తే, దాన్ని చూసి ప్రభువు కన్నీళ్లు పెట్టుకున్నాడని, అవి రాలినచోట తీగలు మొలిచాయని కథ.

అమ్మమ్మ చెట్టుకింద కూర్చోలేదు. ‘‘వచ్చింది చూసేదానికే గదా’’ అంటూ నేలమాళిగ మెట్లు దిగింది. భోజనం బల్లదగ్గర మాత్రం కూతురికి ఎదురుగా కూర్చుంది.

బల్లమీద రొట్టె, చీజ్, చిన్న టమోటాలతో స్పగెటీ. ఆ టమోటాల్ని గుత్తులుగా కట్టి వసారాలో వేలాడదీస్తే చలికాలమంతా నిలవుంటాయి, మనం ఎర్రగడ్డలు కట్టినట్టు. వైన్ పోసే యువకుడు చెప్పాడు. ముందు రంగు చూడాలి, గ్లాసు తిప్పాలి, వాసన పీల్చాలి, ఒక గుక్క నోట్లో తిప్పాలి. వద్దనుకుంటే పక్కనున్న పాత్రలో ఉమ్మేయొచ్చు. ‘‘ఉమ్మేసేదానికి పోసేది ఎందుకు?’’ అని అమ్మమ్మ మనవడి చెవిలో అడిగింది. యాత్రకు వచ్చినవాళ్లు ఎవరూ ఉమ్మలేదనుకోండి!

అందరూ గ్లాసులెత్తారు. కూతురి గ్లాసు అలాగే ఉంది. జర్మనీలో ఆమె స్నేహితులతో అప్పుడప్పుడూ తాగుతుంది. తల్లికి ఎప్పుడూ చెప్పలేదు. తల్లి ఎప్పుడూ అడగలేదు. ఏడేళ్ల వయసులో రాత్రిళ్లు తండ్రి అడుగుల చప్పుడు వినగానే మంచం కిందకి దూరిన పిల్ల ఆమె. తల్లీకూతుళ్లు ఆ రోజుల గురించి మాట్లాడుకున్నది లేదు.

‘‘నేను ఉండానని ఆగినావా?’’ అంది తల్లి.

కూతురు మాట్లాడలేదు.

‘‘నేను లేనప్పుడు తాగతావు గదా?’’

‘‘ఎప్పుడో ఒకసారి అమ్మా. ఒక గ్లాసు.’’

అల్లుడు స్పగెటీలో తల దూర్చాడు. అమ్మమ్మ కూతురి గ్లాసు తనవైపు జరుపుకుని, ఆ యువకుడు చెప్పినట్టే తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు. ‘‘ఆ వాసన కాదు’’ అని గ్లాసును మళ్లీ కూతురివైపు తోసేసింది. తాగమనలేదు, వద్దనలేదు. కూతురు రెండు గుక్కలు తాగి మిగతాది వదిలేసింది.

భోజనమయ్యాక మగవాళ్లు సీసాల ధరలు అడుగుతుంటే (ఇలాంటి యాత్రల్లో చివరి అరగంట అమ్మకాలకే... పెట్టెలు కొనిపించేదాకా వదలరు), అమ్మమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. లోపల ఆ ఇంటి పెద్దావిడ గిన్నెలు తుడుస్తోంది. కొండ చివరిసారి పేలిన ఏడు పుట్టిందట. ఇద్దరికీ ఒకరి భాష ఇంకొకరికి రాదు. గైడు ఇటాలియన్ నుంచి ఇంగ్లిష్‌కి, మనవడు ఇంగ్లిష్ నుంచి తెలుగుకి... మాట రెండు చేతులు మారి చేరాలి.

అమ్మమ్మ అడిగింది. ‘‘మీ ఊళ్లో తాగి ఇల్లు గుల్లచేసుకున్నోళ్లు లేరా?’’

గైడు కాస్త తటపటాయించింది. మర్యాద కాదేమో అనుకుంది కాబోలు. పెద్దావిడ మాత్రం తుడిచే గుడ్డ భుజాన వేసుకుని సూటిగా చెప్పింది. ‘‘లేకేం. మా అన్న. తోట ఉన్నవాడికి కొట్టు అక్కర్లేదు కదా.’’

మనవడు తెలుగు చెయ్యడానికి కాస్త తడబడ్డాడు. అమ్మమ్మకు అర్థమైంది. లోపలికెళ్లి, అక్కడున్న ఇంకో గుడ్డ తీసుకుని గ్లాసులు తుడవడం మొదలుపెట్టింది. పెద్దావిడ వారించలేదు. గుమ్మం దగ్గర కూతురు నిలబడి చూస్తోంది.

తిరుగు ప్రయాణంలో సగం బస్సు నిద్రపోయింది. మనవడికి నిద్ర రాలేదు. ‘‘అమ్మమ్మా, మీ ఊళ్లో షాపు క్లోజ్ చేయించారంట కదా, ఎలా?’’ అన్నాడు.

ఆమె మొదట రాత్రిబడి గురించి చెప్పింది. పలకలు, లాంతరు, కునికిపాట్లు. అక్షరాస్యత వాచకంలో సారా మీద ఒక పాఠం ఉండటం, అది చదివి ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం. ప్యాకెట్లు ఎలా ఉండేవో చేత్తో చూపించింది. కొట్టు ముందు కూర్చున్న మొదటి రాత్రి వాన పడిందట. మీ తాత కూడా ఆ కొట్టులోనే ఉన్నాడు అంది. కొట్టు లోపలినుంచి బయటికొచ్చి, భార్యను చూసి, ఏమీ అనలేక వానలో ఇంటిదాకా నడుచుకుంటూ పోయాడట. పక్కసీట్లో కూతురు తల తిప్పింది. ఈ సంగతి ఆమెకు తెలియదు.

‘‘తర్వాత?’’ అన్నది మనవడు కాదు, కూతురు.

తర్వాత జిల్లాలో సారా వేలంపాటలు మాటిమాటికీ వాయిదా పడటం, ఆడవాళ్లంతా బండ్లెక్కి నెల్లూరు వెళ్లడం. బస్సు నేపుల్స్ ట్రాఫిక్‌లో ఆగి హారన్లు మోగుతున్నాయి. అమ్మమ్మ ఇంకా వేలంపాట దగ్గరే ఉంది.